సమస్య: పాములకు రెక్కలొచ్చెను వంతెనపయి

తెల్లకాగితం (నిర్వాహకుడు): మొన్న మ్యూనిక్ నుంచి రైల్లో వెళ్లి రెండు రాత్రులు ల్యుబ్ల్యానాలో ఉన్నాం. స్లొవేనియా రాజధానే అయినా నడిచి తిరిగేయగలిగేంత ఊరు, నడిబొడ్డున కార్లే లేవు. 1901లో కట్టిన డ్రాగన్ వంతెన నాలుగు మూలలా రాగిరేకు డ్రాగన్లు, పచ్చగా చిలుమెక్కి, నోళ్లు తెరిచి కూర్చున్నాయి. ఈసారి సమస్య, అంటే మీరు చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాల్సిన పై వాక్యం, అక్కడే పుట్టింది. ఛందస్సు తేటగీతి. షరతు ఒక్కటే: పద్యంలో ఆ ఊరు కనబడాలి.

ముందు నాది:

నాల్గు మూలల రాగితో నమర జేసి
నోరు దెఱచిన బొమ్మల నుదయ మందు
చూచి మా బుడ్డి దనియెను చోద్య మంది
"పాములకు రెక్కలొచ్చెను వంతెనపయి!"

గురులఘువు: పద్యం సాఫీగా ఉంది. కానీ అయ్యా, సమస్యలోనే ‘రెక్కలొచ్చెను’ అన్నారు. ‘రెక్కలు వచ్చెను’ కదా ఉండాలి? ఇక మిగతావాళ్ల గ్రామ్యాన్ని ఏ మొహంతో తప్పుపడతాం?

తెల్లకాగితం: దొరికిపోయాను. మాట్లాడింది ఆరేళ్ల పిల్ల, వదిలేయండి.

ఆవకాయజాడీ: నేనూ రెండేళ్ల క్రితం వెళ్లాను. మార్చి మధ్య నుంచి అక్టోబరు దాకా, వాన లేకపోతే, శుక్రవారాలు అక్కడి మార్కెట్ దగ్గర వంటల సంత పెడతారు. ష్ట్రుక్లి అని, పల్చటి పిండి రేకులో జున్ను కూరి చుట్టి ఉడికిస్తారు. వాల్‌నట్‌లు పెట్టినవీ ఉంటాయి.

శుక్రవారపు సంతలో సుష్టు గాను
జున్ను కూరిన చుట్టలు తినుచు చొక్కి
మందు కొట్టిన బావకు మసక కనుల
పాములకు రెక్కలొచ్చెను వంతెనపయి

గురులఘువు: నోరూరింది. రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) తప్పింది, ‘జు’కి ‘తి’ చెల్లదు. మాట అటూ ఇటూ మారిస్తే చాలు: ‘చుట్టలు చొక్కి తినుచు’. ఇక ‘మందు కొట్టిన’... బావగారే కదా అని ఊరుకుంటున్నా.

ఆవకాయజాడీ: సవరించుకున్నా. అసలు మందు బావది, పద్యం నాది. నాకు జరిగింది వేరు. బక్‌వీట్ పిండితో జ్గాంత్సి అని చేస్తారు, ఫోర్కుతో చిదిపిన సంకటిలా పొడిపొడిగా ఉంటుంది. పుల్లటి పాలతో తింటారని విని ఆశగా చెప్పాను. వచ్చిన గిన్నె పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు! శాకాహారులు ముందే అడగండి.

చెట్టుకింద: నాది క్రమాలంకారం, మూడు ప్రశ్నలకూ చివరి పాదంలో వరసగా జవాబులు.

పుట్ట లెవరికి నిండ్లయి పొలుపు గూర్చు?
గూటి పిట్టకు నేమయ్యె గుడ్డు వీడి?
దేనిపయి నేఱు దాటుట తెలివి యగును?
పాములకు, రెక్కలొచ్చెను, వంతెనపయి

గురులఘువు: యతులు చక్కగా కుదిరాయి. ఊరేదీ? ఇది గోదావరి గట్టున కూర్చుని రాసినా ఇలాగే ఉంటుంది.

చెట్టుకింద: మూడో పాదం ఆ ఊళ్లో నిజంగానే అడగాల్సిన ప్రశ్న. పాత రాతి వంతెనకు అటొకటి, ఇటొకటి కాలినడక వంతెనలు ప్లెచ్నిక్ అనే వాస్తుశిల్పి కట్టాడు, 1932కల్లా పూర్తయ్యాయి. పక్కపక్కనే మూడు. దేనిపయి దాటాలో తెలియక కాసేపు నిలబడ్డాను.

తెల్లకాగితం: వాదన బాగుంది, మార్కులు సగమే.

గురులఘువు: నాకో సందేహం. కాళ్లున్న డ్రాగన్‌ని పామనవచ్చా? అయితే ఊరి కథ వేరే దారి చూపిస్తోంది. గ్రీకు వీరుడు జేసన్ అక్కడి చిత్తడిలో ఉన్న డ్రాగన్‌ని చంపాడంటారు. దాన్ని పట్టుకున్నాను:

జేసనను వీరు డొక్కడు చిత్తడి దరి
చంపె నట పాము. చచ్చియు జంక కుండ
రాగి దేహము దాల్చి యా రాజసమున
పాములకు రెక్కలొచ్చెను వంతెనపయి

చెట్టుకింద: చంపింది ఒక పామునైతే వంతెన మీద నాలుగెలా లేచాయండీ?

గురులఘువు: ...

తెల్లకాగితం: గురువుగారికి చుక్కలు! అయినా నా ఓటు దీనికే, ‘రాగి దేహము దాల్చి’ కోసం. వ్యాకరణ ప్రియులకు ఇంకొకటి. అక్కడి స్లొవీన్ భాషకి సంస్కృతంలా ద్వివచనం ఉంది. ఒక కాఫీ ‘కావ’, రెండైతే ‘కావి’, మూడైతే ‘కావె’. నేను రెండు వేళ్లు చూపించి ‘కావ’ అంటే, వడ్డించే అమ్మాయి నవ్వి ‘ద్వె కావి’ అని సరిదిద్దింది. అందుకే వచ్చే వారం సమస్య, మళ్లీ తేటగీతే:

కావ యొకటైన, రెండైన గావి యగును