మేనరికం, మత్తు మందు, క్యాన్సర్: జన్యు పరీక్షలు చేయించుకున్నవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

తెనాలి పిల్ల:
అందరికీ నమస్కారం. మా మేనబావతో నాకు పెళ్లి అనుకుంటున్నారు. ఇద్దరికీ ఇష్టమే. కాకపోతే మా అమ్మవైపు తరతరాలుగా మేనరికాలే. పిన్ని వాళ్లదీ మేనరికమే, వాళ్ల బాబుకి పుట్టుకతోనే వినపడదు. పరీక్షలు చేయించుకుందామంటే ఇంట్లో “మాకేమైనా అయిందా?” అంటున్నారు. ఒక ల్యాబ్ వాళ్లు వందల జబ్బులకు ఒకేసారి పరీక్ష అని ప్యాకేజీ చెప్పారు. ఖరీదు వింటేనే టెన్షన్ వచ్చింది. మీలో ఎవరైనా చేయించుకున్నారా? దేనితో మొదలుపెట్టారు?

ల్యాబ్ మనిషి, హైదరాబాద్:
ప్యాకేజీ జోలికి ఇప్పుడే వెళ్లకండమ్మా. ముందు ఒక కాగితం మీద మూడు తరాల వంశవృక్షం గీయండి. ఎవరు ఎవర్ని చేసుకున్నారు, చిన్నప్పుడే పోయిన పిల్లలు, నిలవని గర్భాలు, ఆపరేషన్ టేబుల్ మీద ఇబ్బంది పడ్డవాళ్లు, అన్నీ రాయండి. దాన్ని పట్టుకుని జెనెటిక్స్ డాక్టర్ని కలవండి. హైదరాబాద్‌లో అయితే నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

మేనత్త, మేనమామ పిల్లల మధ్య సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఒకటే. బంధుత్వం లేని జంటల పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో లోపాలు వస్తుంటే, మేనరికంలో అది దాదాపు రెట్టింపు. తరతరాలుగా జరుగుతుంటే ఇంకొంచెం ఎక్కువ. అంటే మేనరికం చేసుకున్న చాలామందికి పిల్లలు బాగానే పుడతారు. మీ పెద్దవాళ్లు చూసింది అదే కాబట్టి అలా అంటున్నారు.

మీ విషయంలో ముందుగా పరీక్ష చేయాల్సింది మీకు కాదు, పిన్ని వాళ్ల బాబుకి. పుట్టు చెవుడుకి కారణాలు చాలా ఉంటాయి. మన దేశంలో జీజేబీ2 అనే జన్యువులో మార్పు తరచుగా కనిపిస్తుంది. బాబులో ఏ మార్పు ఉందో తెలిస్తే, మీ ఇద్దరిలో ఆ ఒక్కటే వెతికితే చాలు. ఖర్చు బాగా తగ్గుతుంది, జవాబు కూడా స్పష్టంగా వస్తుంది. బాబు రిపోర్టు లేకుండా మీకు ఎన్ని వందల జబ్బులు చూసినా, అసలు వెతకాల్సింది దొరకకపోవచ్చు.

ఖమ్మం అమ్మ:
ఈ పరీక్షలు మేనరికం వాళ్లకే అవసరమని అందరూ అనుకుంటారు కదా, అందుకే రాస్తున్నాను. మా ఇద్దరికీ ఏ బంధుత్వమూ లేదు. మా పెద్దోడికి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య రక్త జబ్బు. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో ఐరన్ పేరుకుపోతుంది కాబట్టి దాన్ని తీసే మందు రోజూ వేయాలి. మా ఆయనకి పెళ్లికి ముందు నుంచీ హిమోగ్లోబిన్ తక్కువే. ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగినా పెరగలేదు. ఎందుకు పెరగట్లేదని ఏ డాక్టరూ ఆలోచించలేదు. ఆయన క్యారియర్, అంటే తనకి జబ్బు లేకపోయినా ఆ జన్యు మార్పుని మోస్తున్న మనిషి. నేనూ క్యారియరే. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం జబ్బు ఉన్న బిడ్డ పుట్టడానికి. మొదటి బిడ్డకి వచ్చింది కదా, ఇక రెండో బిడ్డకి రాదు అని మా చుట్టాలు ఓదార్చారు. లెక్క అలా పనిచేయదు. ప్రతిసారీ అదే నాలుగింట ఒక వంతు.

పెళ్లికి ముందు హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్ష చేయించుకుని ఉంటే ఇది తెలిసేది. అందులో హిమోగ్లోబిన్‌లో ఒక రకమైన ఏ2 ఎంతుందో చెప్తారు. 3.5 శాతం దాటితే క్యారియర్ అని అనుమానిస్తారు. జన్యు పరీక్షతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. అమ్మాయిలూ, అబ్బాయిలూ, దయచేసి ఇదొక్కటి చేయించుకోండి.

ల్యాబ్ మనిషి, హైదరాబాద్:
అక్క చెప్పింది నిజం. రెండు మాటలు కలుపుతాను. ఐరన్ బాగా తక్కువ ఉంటే ఏ2 కూడా తగ్గి కనిపించి, క్యారియర్ అయినా నార్మల్ అని రావచ్చు. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లకు ఈ పరీక్ష చేస్తే దాతల రక్తం కలిసి తప్పుగా చూపిస్తుంది. రెండూ శాంపిల్ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

ప్రొద్దుటూరు వాసి:
ఆపరేషన్ టేబుల్ మాట వచ్చింది కాబట్టి మా ఇంటి సంగతి. మేము ఆర్యవైశ్యులం. మా నాన్నకి అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. అంతా అయ్యాక ఆయనకు ఊపిరి తిరిగి రాలేదు. గంటల తరబడి వెంటిలేటర్ మీద ఉంచారు. బయట మేము ఆయన పోయారనే అనుకున్నాం. తర్వాత మత్తు డాక్టరు గారు కూర్చోబెట్టి చెప్పారు. గొంతులో గొట్టం వేయడానికి కండరాలు వదులయ్యేలా సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారట. మామూలుగా ఐదు పది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ మా నాన్న రక్తంలో దాదాపు లేదు. అందుకే ఊపిరి కండరాలు అన్ని గంటలు కదల్లేదు.

ఇది మా ఒక్క ఇంటిది కాదు. మా వాళ్లలో ఈ లోపం మిగతావాళ్ల కంటే సుమారు వంద రెట్లు ఎక్కువని శాస్త్రవేత్తలు రాశారు. 2017లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ గారు, హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్ కలిసి చేసిన పరిశోధనలో దీన్నే ఉదాహరణగా చూపారు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, వందల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న ఏ కులంలోనైనా ఇలాంటిదేదో ఒకటి ఉండొచ్చని వాళ్ల మాట. వేరే ఊరు సంబంధం, వేరే గోత్రం అయినా మూలాలు ఒకటే కదా.

మా అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం అందరం పరీక్ష చేయించుకున్నాం. నాకూ మా చెల్లికీ ఎంజైమ్ చాలా తక్కువ. ఆ మందు పేరు రాసిన కాగితం పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాం. మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి ఎప్పుడూ పెడుతుంటాను. విసుక్కున్నా ఫర్వాలేదు.

మత్తు పీజీ:
ప్రొద్దుటూరు అన్నయ్య చెప్పిన పరీక్ష పేరు సూడోకోలినెస్టరేజ్. మామూలు రక్త పరీక్షే, జన్యు పరీక్ష అక్కర్లేదు. గర్భంలోనూ, కాలేయ జబ్బులోనూ, పురుగుమందుల ప్రభావంలోనూ ఈ ఎంజైమ్ తగ్గుతుంది. అందుకని తక్కువ వచ్చినంత మాత్రాన వంశపారంపర్యమే అనుకోకూడదు. ఈ లోపం ఉన్నవాళ్లకు వేరే మందులు ఉన్నాయి, ఆపరేషన్ మానుకోవాల్సిన పని లేదు. ముందే తెలియడం ఒక్కటే కావాలి. ఆపరేషన్‌కి ముందు మేం “ఇంట్లో ఎవరికైనా మత్తు వల్ల సమస్య వచ్చిందా?” అని అడిగేది ఇందుకే. దయచేసి ఆలోచించి జవాబు చెప్పండి.

విశాఖ నుంచి:
మా పెద్దమ్మకి అండాశయ క్యాన్సర్, ఆవిడ కూతురికి రొమ్ము క్యాన్సర్. అక్కకి పరీక్ష చేస్తే బీఆర్‌సీఏ1 అనే జన్యువులో ఈ క్యాన్సర్ల ముప్పు పెంచే మార్పు ఉందని వచ్చింది. ఆ రిపోర్టు వల్ల అక్కకి మందు ఎంపికలోనూ లాభం జరిగింది. ఓలాపరిబ్ లాంటి మందులు ఈ మార్పు ఉన్నవాళ్లకు బాగా పనిచేస్తాయట. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మార్పు ఉన్నవాళ్ల నుంచి ఒక్కో బిడ్డకి సగం అవకాశం. మగవాళ్ల ద్వారా కూడా వస్తుంది. పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నయ్య, “నాకు చెప్పొద్దు, నేను మగవాణ్ని” అన్నాడు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. అక్కే పక్కన కూర్చుని, నీ కోసం కాదురా, పిల్లల కోసం అని చెప్పాక వెళ్లాడు. రిపోర్టు ఒక మనిషి పేరు మీదే వస్తుంది కానీ అది ఇంటిల్లిపాదిదీ. శాంపిల్ ఇవ్వకముందే ఎవరెవరికి చెప్పాలో మాట్లాడుకోండి.

ఇంకొకటి, నా రిపోర్టులో అక్క మార్పు లేదు. కానీ ఇంకో జన్యువులో “అర్థం తేలని మార్పు” అని రాశారు, అంటే అది జబ్బు తెచ్చేదో కాదో ఇంకా తెలియదట. దాన్ని చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దని కౌన్సెలర్ గట్టిగా చెప్పారు.

ల్యాబ్ మనిషి, హైదరాబాద్:
ఆ “అర్థం తేలని” మాట మనవాళ్ల రిపోర్టుల్లో చాలా వస్తుంది. పోల్చి చూసే సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాల వాళ్లది కావడమే కారణం. జీనోమ్ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టు కింద మన దేశంలోని దాదాపు 10,000 మంది జన్యుక్రమం చదివారు. 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇలాంటివి పెరిగేకొద్దీ ఆ అయోమయం తగ్గుతుంది. పాత రిపోర్టు పారేయకండి, కొన్నేళ్లకోసారి మళ్లీ చూపించండి.

మంచిర్యాల, ఇప్పుడు డాలస్:
మా పాపకి ఇక్కడ పుట్టిన వెంటనే మడమ నుంచి రక్తపు చుక్క తీశారు. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ పసిపిల్లలకు చేస్తారు. పాప సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) క్యారియర్ అని వచ్చింది. చూస్తే అది నా నుంచే. వెంటనే ఊళ్లో చెల్లికి ఫోన్ చేశాను. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేస్తున్నారు, ఆదిలాబాద్ వైపు వాళ్లు వదులుకోకండి.

తెనాలి పిల్ల:
అందరికీ చాలా థాంక్స్. పిన్నితో మాట్లాడాను, బాబుకి పరీక్ష చేయిస్తానంది. బావ కూడా సరేనన్నాడు. ఒక సందేహం. ఇద్దరికీ అదే మార్పు ఉందని వస్తే సంబంధం వదులుకోవాల్సిందేనా?

ఖమ్మం అమ్మ:
అక్కర్లేదమ్మా. నేను రెండోసారి గర్భవతిగా ఉన్నప్పుడు మూడో నెలలో మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. దానికి మా ఇద్దరి మార్పులూ ముందే తెలిసి ఉండాలి, కాబట్టి రిపోర్టులు భద్రంగా పెట్టుకో. ఫలితం వచ్చేదాకా నిద్ర లేదు. పాప క్యారియర్ మాత్రమే, బడికి వెళ్తోంది. అయితే మాది ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు. వినికిడి సంగతి వేరు, ఆ బాబుని చూస్తూనే ఉన్నారు కదా, ఏది ఎంత కష్టమో మీ ఇద్దరే మాట్లాడుకోవాలి. కౌన్సెలింగ్‌కి ఒక్కదానివే వెళ్లకు, బావని తీసుకెళ్లు. వీలైతే మీ అత్తయ్యని కూడా.