పీటర్ రాబిట్ 50 పెన్స్ నాణేలు: వరుస మొత్తం కూర్చుకోవడం ఎలా?

గోదారి ఆడపడుచు (మాంచెస్టర్) – ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ బాలల రచయిత్రి బీట్రిక్స్ పాటర్ కథల్లోని పీటర్ రాబిట్ అనే కుందేలు బొమ్మ ఉన్న 50 పెన్స్ నాణెం ఈ మధ్య దుకాణంలో ఇచ్చిన చిల్లరలో మా అమ్మాయికి దొరికింది. రాత్రి పడుకునే ముందు ఆ కథల్లో ఒకటైనా చదవకపోతే నిద్రపోని వయసు తనది. అందుకే తన పుస్తకంలోని కుందేలు డబ్బు మీదికి ఎలా వచ్చిందన్న ఆశ్చర్యం ఇంకా తీరలేదు. రాజమహేంద్రవరంలో ఉంటున్న మా నాన్నగారు చిన్నప్పటి నుంచి అణాలు, నయాపైసలు దాచుకున్న మనిషి. వీడియో కాల్‌లో మనవరాలు ఆ నాణెం చూపించగానే, ఇటువంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో కనుక్కుని, సెలవులకు వచ్చేటప్పుడు రెండు వరుసలు, ఒకటి తనకు, ఒకటి మనవరాలికి, సిద్ధం చేసి తెమ్మన్నారు.

ఇంటర్నెట్‌లో వెతికితే ఒకే నాణేనికి ఒకచోట రెండు పౌండ్లు, మరొకచోట రెండు వందల పౌండ్లు అడుగుతున్నారు. కొన్నింటి మీద కుందేలు కోటుకు నీలం రంగు కూడా ఉంది. అసలు వరుసలో ఎన్ని నాణేలు ఉన్నాయి, వాటిలో నిజంగా అరుదైనవి ఏవి, చిల్లరలో వెతకడం మేలా లేక కొనడం మేలా అన్నది అనుభవం ఉన్నవారు చెబితే రుణపడి ఉంటాను.

చిల్లర డబ్బా (లెస్టర్)

నమస్కారమండి. మీ నాన్నగారికి నచ్చే విషయం ముందుగా చెబుతాను. ఈ నాణేల్లో చాలావాటిని బ్రిటన్ టంకశాల రాయల్ మింట్ మామూలు చలామణిలోకే వదిలింది. కాబట్టి అదృష్టం, ఓపిక ఉంటే 50 పెన్స్ విలువకే వరుసను చాలావరకు పూర్తి చేయవచ్చు.

బీట్రిక్స్ పాటర్ 1866లో పుట్టారు. ఆమె 150వ జయంతి సందర్భంగా 2016లో మొదటి విడతగా ఐదు నాణేలు వచ్చాయి: ఆమె పేరుతో ఒకటి, పీటర్ రాబిట్, జెమైమా పడిల్-డక్, మిసెస్ టిగీ-వింకిల్, స్క్విరల్ నట్కిన్. 2017లో పీటర్ రాబిట్ మళ్లీ వచ్చాడు, అతనితో పాటు మిస్టర్ జెరెమీ ఫిషర్, టామ్ కిటెన్, బెంజమిన్ బన్నీ వచ్చారు. 2018లో మూడోసారి పీటర్ రాబిట్, ఫ్లాప్సీ బన్నీ, మిసెస్ టిటిల్‌మౌస్, టైలర్ ఆఫ్ గ్లోస్టర్. చలామణిలోకి వచ్చినవి మొత్తం ఈ పదమూడే. ఆ తర్వాత 2019లోనూ 2020లోనూ వచ్చిన పీటర్ రాబిట్ నాణేలను సేకర్తలకు మాత్రమే అమ్మారు కనుక అవి చిల్లరలో దొరుకుతాయని ఎదురుచూడకండి.

అరుదు అన్న మాటను అమ్మేవాళ్లు ఇష్టం వచ్చినట్లు వాడతారు గానీ దాన్ని తూచడానికి ఒక కొలత ఉంది: ఎన్ని నాణేలు ముద్రించారో టంకశాలే ప్రకటిస్తుంది. 2017 నాటి బెంజమిన్ బన్నీ రెండున్నర కోట్లు, అదే ఏటి పీటర్ రాబిట్ దాదాపు రెండు కోట్లు ఉన్నాయి. ఈ రెండింటికీ ముఖ విలువ మించి ఎవరు అడిగినా నవ్వి ఊరుకోవచ్చు. 2016 నాటి పీటర్ రాబిట్ కోటికి కాస్త తక్కువ, టిగీ-వింకిల్ 88 లక్షలు, నట్కిన్ 50 లక్షలు. ఆ ఏడాది వాటిలో కష్టమైనది జెమైమా, 21 లక్షలు మాత్రమే. ఇక 2018కి వస్తే సంఖ్యలు ఒక్కసారిగా పడిపోయాయి: పీటర్ రాబిట్, ఫ్లాప్సీ చెరో 14 లక్షలు, టిటిల్‌మౌస్ 17 లక్షలు, టైలర్ 39 లక్షలు. పోలికకు చెబుతున్నాను, 50 పెన్స్ సేకర్తలందరూ కలలు కనే 2009 నాటి క్యూ గార్డెన్స్ (లండన్‌లోని ఉద్యానవనం) నాణెం 2,10,000 మాత్రమే చలామణిలోకి వెళ్లింది. ఆ లెక్కన చూస్తే 2018 పీటర్ రాబిట్ కష్టమైనదే, కానీ దొరకనిది కాదు.

కాబట్టి మీ అమ్మాయి నాణేన్ని ఒకసారి తిప్పి, రాణిగారి ముఖం ఉన్న వైపు చూడండి. ఈ వరుసలో సంవత్సరమూ విలువా ఆ వైపే ఉంటాయి, కుందేలు వైపు ఉండవు. చాలామంది బొమ్మ చూసి సంబరపడి సంవత్సరం చూడకుండానే ఖర్చుపెట్టేస్తారు. పీటర్ రాబిట్ మూడు సంవత్సరాల్లో చలామణిలోకి వచ్చాడు కనుక అది ఏ సంవత్సరానిదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

చార్మినార్ నాణేలు (హైదరాబాద్)

లెస్టర్ మిత్రులు చెప్పినదంతా సరైనదే. మీ నాన్నగారి వైపు నుంచి నాలుగు మాటలు చేరుస్తాను, ఎందుకంటే మన దేశపు నాణేలు కూర్చిన అలవాటుతో బ్రిటిష్ నాణేలను చూసేటప్పుడు కొన్ని తేడాలు గుర్తుంచుకోవాలి.

మనం నాణెం చేతికి రాగానే సంవత్సరం కింద టంకశాల గుర్తు కోసం చూస్తాం: నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఈ 50 పెన్స్‌లో అటువంటి వెతుకులాట అవసరం లేదు, అన్నీ వేల్స్‌లోని లాన్‌ట్రిసంట్‌లో ఉన్న ఒకే టంకశాల నుంచి వచ్చినవే. అందువల్ల గుర్తును బట్టి ధర పెంచి చెప్పే వీలు అక్కడ లేదు. మీ నాన్నగారికి ఇది కొంత వెలితిగా అనిపించవచ్చు కానీ సంవత్సరాన్ని బట్టి, ముద్రించిన సంఖ్యను బట్టి వేటాడే ఆనందం అలాగే ఉంటుంది.

రెండోది, స్మారక నాణెం అనగానే మనకు ఈ మధ్య మొదట గుర్తుకు వచ్చేది 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు విడుదల చేసిన ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం. హైదరాబాద్ టంకశాలలో తయారైన ఆ నాణెంలో సగం వెండి ఉంది, దాన్ని పెట్టెలో పెట్టి అమ్మారే తప్ప బజారులో చిల్లరగా ఎవరి చేతికీ రాలేదు. పాటర్ నాణేలు అలా కావు. 1989లో నెహ్రూ శతజయంతి రూపాయి నాణెం మన జేబుల్లో తిరిగినట్లే ఇవి అక్కడి జేబుల్లో తిరుగుతున్నాయి, వీటిలో వెండి లేదు, 75 శాతం రాగి, 25 శాతం నికెల్. కనుక లోహం విలువ చూసి ఎవరూ వీటిని కొనరు. పిల్లల కథలోని ఒక పాత్రకు ఒక దేశం తన రోజువారీ డబ్బు మీద చోటివ్వడం నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది, మన దగ్గరా అటువంటి ఆలోచన రావాలని మనసారా కోరుకుంటున్నాను.

ఇక దాచుకునే పద్ధతి. గోదావరి తీరంలో గాలిలో తేమ ఎక్కువ. మార్కెట్లో చవకగా దొరికే మెత్తటి పీవీసీ తొడుగుల్లో పెడితే కొన్నేళ్లకు ప్లాస్టిక్ నుంచి ఊరిన పదార్థం నాణెం మీద పచ్చని జిగటగా పేరుకుని మచ్చ చేస్తుంది. పీవీసీ లేనివని స్పష్టంగా రాసి ఉన్న తొడుగులు లేదా గట్టి గుండ్రటి డబ్బీలు అక్కడే కొని తీసుకురండి, 27.3 మిల్లీమీటర్ల కొలత చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, చింతపండుతోనో విబూదితోనో తోమి మెరిపించాలని ఎవరూ ప్రయత్నించకుండా చూడండి. ఇత్తడి చెంబుకు మేలు చేసే ఆ పని నాణెం పైపొరను శాశ్వతంగా గీకేస్తుంది.

గోదారి ఆడపడుచు (మాంచెస్టర్)

ఇద్దరికీ ధన్యవాదాలు. రాణిగారి వైపు చూశాను, మాది 2017 నాటిది. రెండు కోట్లలో ఒకటని తెలిశాక కూడా మా అమ్మాయి సంబరం ఇసుమంతైనా తగ్గలేదు.

ఇంకో సందేహం. ఆన్‌లైన్‌లో ఒకరు ముద్రణ లోపం ఉన్న పీటర్ రాబిట్ అని చెప్పి చాలా పెద్ద మొత్తం అడుగుతున్నారు. మరొకరు రంగు వేసిన నాణేన్ని పరిమిత సంచిక అని రాశారు. నాన్నగారికి బహుమతిగా ఆ రంగు నాణెం ఒకటి ఇద్దామా అని ఆలోచిస్తున్నాను. అది తగినదేనా?

పుస్తకాల అలమర (కార్డిఫ్)

రంగు నాణేల్లో రెండు జాతులు ఉన్నాయి, వాటిని వేరు చేయడం తప్పనిసరి. రాయల్ మింట్ స్వయంగా 925 స్వచ్ఛత గల వెండి మీద, మెరుగుపెట్టిన ప్రత్యేకమైన అచ్చులతో ముద్రించి రంగు వేసి, పెట్టెతోనూ ధ్రువపత్రంతోనూ అమ్మిన ప్రూఫ్ నాణేలు ఒక జాతి. చలామణిలోని మామూలు నాణెం తీసుకుని దాని మీద ఎవరో స్టిక్కరు అంటించో, బంగారు పూత పూసో అమ్మేవి రెండో జాతి. ఈ రెండో దాన్ని సేకర్తలు పాడైపోయిన నాణెంగానే లెక్కిస్తారు. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కనుక పెట్టె, ధ్రువపత్రం చూపించమని అడగండి, చూపించకపోతే వదిలేయండి. మీ నాన్నగారికి బహుమతిగానైతే అసలైన వెండి ప్రూఫ్ ఒకటి ఇవ్వడం నిజంగా అందమైన ఆలోచన.

ప్రూఫ్ నాణేనికీ చలామణిలోని మామూలు నాణేనికీ మధ్యలో బ్రిలియంట్ అన్‌సర్క్యులేటెడ్ అనే రకం ఒకటి ఉంది: లోహం మామూలుదే, కానీ చేతులు మారకుండా, గీతలు పడకుండా టంకశాల నుంచి నేరుగా అట్ట ప్యాకెట్‌లో వస్తుంది. 2019, 2020 నాణేలు కావాలంటే ఈ రకమో, వెండి ప్రూఫో కొనాల్సిందే.

ముద్రణ లోపం అని చెప్పేవాటిలో అత్యధికం లోపాలు కావు. ముద్ర వేసే అచ్చు వాడగా వాడగా అరిగి మీసమో బొత్తామో మసకగా పడటం, సంచుల్లో ఒకదానికొకటి కొట్టుకుని గీతలు పడటం, చలామణిలో నలగడం, వీటన్నిటికీ జనం లోపమని పేరు పెడుతున్నారు. అడుగుతున్న ధర వేరు, అమ్ముడైన ధర వేరు. వేలం సైట్లలో అమ్మకం పూర్తయిన జాబితాలను విడిగా చూసే వీలు ఉంటుంది, మీరు నమ్మవలసినది అదే. అసలు నాణెమా నకిలీదా అన్న అనుమానం వస్తే చిన్న త్రాసు మీద పెట్టి చూడండి. సరిగ్గా 8 గ్రాములు తూగాలి, అయస్కాంతానికి అంటుకోకూడదు.

మీ అమ్మాయికి చెప్పడానికి కథ ఒకటి. పీటర్ రాబిట్ మొదట పుస్తకంగా పుట్టలేదు. 1893లో జబ్బుపడి మంచం మీద ఉన్న నోయల్ మూర్ అనే ఐదేళ్ల అబ్బాయికి, అంటే తనకు చదువు చెప్పిన ఆవిడ కొడుక్కి, పాటర్ బొమ్మలు గీసి రాసిన ఉత్తరంలో నలుగురు కుందేలు పిల్లల కథగా పుట్టాడు. ప్రచురణకర్తలు తిరస్కరించడంతో 1901లో ఆమె సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చువేయించుకున్నారు, ఆ మరుసటి ఏడాది ఫ్రెడరిక్ వార్న్ సంస్థ రంగు బొమ్మలతో తెచ్చింది. 1903లోనే ఆమె పీటర్ ఆటబొమ్మను తయారుచేసి హక్కులు నమోదు చేయించుకున్నారంటే ఎంతటి ముందుచూపో చూడండి. పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలో కొన్న హిల్ టాప్ అనే పొలం నుంచే జెమైమా బాతు కథ వచ్చింది, 1943లో చనిపోయేటప్పుడు నాలుగు వేల ఎకరాలకు పైగా భూమిని ప్రకృతినీ పాత కట్టడాలనూ కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు వదిలి వెళ్లారు. నాణేల మీది బొమ్మలను ఎమ్మా నోబుల్ అనే కళాకారిణి పాటర్ గీసిన మూలచిత్రాలను అనుసరించి రూపొందించారు. అందుకే పుస్తకాన్ని పక్కన తెరిచి పెట్టుకుని, ఈ నాణెం మీది పాత్ర ఏ కథలోది అని అమ్మాయితో వెతికించండి. నా దృష్టిలో ఈ వరుస కూర్చడంలో సగం విలువ ఆ పనిలోనే ఉంది.

చిల్లర డబ్బా (లెస్టర్)

కార్డిఫ్ వారు ఎంతో చక్కగా చెప్పారు. ఆచరణకు సంబంధించిన రెండు మాటలు చెప్పి ముగిస్తాను.

మీకు ఖాతా ఉన్న బ్యాంకులో నోటు ఇచ్చి 50 పెన్స్ సంచి అడగండి. పది పౌండ్లకు ఇరవై నాణేలు వస్తాయి. ఇంటికి తెచ్చి అమ్మాయితో కలిసి చూసుకుని, అక్కరలేనివి మళ్లీ సంచిలో పోసి తిరిగి ఇచ్చేయవచ్చు, పైసా నష్టం ఉండదు. పనిలో పనిగా మరో పిల్లల కథలోని పాడింగ్టన్ అనే ఎలుగుబంటి కనిపించినా తీసి పక్కన పెట్టండి. ఆ ఎలుగుబంటి మొదటి పుస్తకం వచ్చి అరవై ఏళ్లయిన సందర్భంగా 2018లో రెండు, 2019లో రెండు నాణేలు చలామణిలోకి వచ్చాయి. గ్రఫలో అనే ఇంకో పిల్లల కథలోని వింత జంతువు బొమ్మ ఉన్న నాణేలు మాత్రం ఆ సంచుల్లో ఉండవు, వాటిని సేకర్తలకే అమ్మారు.

చిల్లరలో వెతకడమా, కొనడమా అని అడిగారు. 2016, 2017 నాణేలు తొమ్మిదింటినీ, జెమైమాతో సహా, చిల్లరలోనే వెతకమంటాను, ఎందుకంటే పిల్లలకు వెతుకులాటలోనే సరదా. 2018వి నాలుగింటిని మాత్రం మీ ప్రయాణం దగ్గరపడే దాకా ఎదురుచూసి, అప్పటికీ దొరకకపోతే మార్పిడికి ప్రయత్నించండి. నా దగ్గర ఫ్లాప్సీ ఒకటి, టైలర్ రెండు అదనంగా ఉన్నాయి. మీ ఇంట్లో జెమైమా ఒకటికి మించి దొరికితే ముఖ విలువకే మార్చుకుందాం, లేకపోయినా టైలర్ ఒకటి మీ నాన్నగారి కోసం పక్కన పెట్టి ఉంచుతాను.