డిసెంబర్ 29, అజరయ్య గారి కార్యక్రమం: ఎవరెవరు ఏ పని?

కో-ఆర్డినేటర్: అందరికీ నమస్కారం. హాల్ ఖాయమైంది. 1912లో అదే తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో వి.ఎస్. అజరయ్య గారు తెలంగాణలోని డోర్నకల్‌కి బిషప్‌గా, అంటే ఆ ప్రాంత చర్చిలన్నిటికీ పెద్దగా, అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు సంఘంలో, తొలి భారతీయ బిషప్ ఆయనే. క్రిస్మస్‌తో కలిపి చేస్తున్నాం కాబట్టి ఆయనకు ఇరవై నిమిషాలు దొరుకుతాయి. ఏం చెబుదాం?

స్క్రిప్ట్ రాస్తున్న అక్క: పుట్టుక, చదువు అంటూ వరసగా చదివితే పిల్లలు ఫోన్లు తీస్తారు. మనం ఉండేది ఎడిన్‌బరోలో కదా, ఇక్కడినుంచే మొదలుపెడదాం. 1910లో మౌండ్ అనే వీధిలోని అసెంబ్లీ హాల్‌లో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యికి పైగా ప్రతినిధులు, అందులో ఆసియా వాళ్లు గుప్పెడు మంది. ముప్పై అయిదేళ్ల అజరయ్య గారు లేచి, తెల్ల మిషనరీలు భారతీయులను సాటివారిగా చూడటం లేదని వాళ్ల ముందే చెప్పారు. మీరు పేదల కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. సభలో కొందరికి అది మింగుడుపడలేదు. మన పిల్లలు రోజూ బస్సులో దాటిపోయే వీధి అది! నాటిక ఇదే కావాలి.

గార్ల వైపు నుంచి వచ్చిన అన్నయ్య: చాలా బాగుంది అక్కా. కానీ డోర్నకల్‌కి కనీసం సగం సమయం ఇవ్వాలి. తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు తెలుగు నేర్చుకుని, ఎద్దుబండి మీద ఊరూరా తిరిగారు. సంఘంలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలే. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి, ‘సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (అయ్యో, నాకు కీడు)’ అనిపించేవారు. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కథీడ్రల్ ఫొటోలు నేను తెస్తాను. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, లోపలి స్తంభాలు గుడి మండపంలా ఉంటాయి. ఇంగ్లండ్ చర్చి నకలు కట్టలేదు ఆయన. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది.

స్టేజీ చూసే తమ్ముడు: గాంధీ గారితో మతమార్పిడుల మీద వచ్చిన విభేదం వదిలేద్దామా? హాల్లో అన్ని మతాల వాళ్లూ ఉంటారు, టెన్షన్ ఎందుకని.

అక్క: వదలొద్దు తమ్ముడూ. 1930లలో అదొక పెద్ద వాదం. గాంధీ గారి మాట, ఈయన మాట రెండూ రెండు నిమిషాల్లో మర్యాదగా చెబుదాం. దాచిపెడితే ఆయన ఎంత గట్టి మనిషో తెలియదు.

కో-ఆర్డినేటర్: సరే, ఉంచుదాం. అజరయ్య గారు 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. వేర్వేరు ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసిన, ఆయన పాటుపడిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబర్‌లో ఏర్పడింది. ఈ రెండూ చివరి స్లైడ్‌లో వస్తాయి. పులిహోర, కేకు వదిన వాళ్లు చూసుకుంటారు. ప్రొజెక్టర్ తమ్ముడిది. కుర్చీలు వేయడానికి ఇంకా ఇద్దరు కావాలి, ఎవరు వస్తారో శుక్రవారంలోగా చెప్పండి.