క్లూలు మన కళ్లముందే ఉండే కొత్తకాలం మిస్టరీ నవలలు చెప్పండి ప్లీజ్

సీతమ్మధార_పాఠకుడు

అందరికీ నమస్కారమండీ. మాది వైజాగ్. చిన్నప్పుడు ఇంట్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు కట్టలు కట్టలుగా ఉండేవి, అక్కడ పట్టిన పిచ్చి ఇది, తర్వాత షెర్లాక్ హోమ్స్, అగథా క్రిస్టీ కూడా దొరికినవన్నీ చదివేశాను. ఇప్పుడు కావాల్సింది 2000 తర్వాత వచ్చినవి. సెల్‌ఫోన్లు, సీసీ కెమెరాలు, డీఎన్‌ఏ టెస్టులు వచ్చేశాక కూడా ఒక హంతకుడు ఎలా తప్పించుకోగలడు అని బుర్ర పెట్టి ఆలోచించి రాసినవి.

నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా అదే లిస్టు తిరుగుతోంది, అందులోవి కొని చదివితే సగం వాటిలో అసలు మిస్టరీయే లేదు. చివరి ఇరవై పేజీల్లో ఎవడో కొత్తవాడు ఊడిపడతాడు, లేదంటే కథ చెబుతున్న మనిషే మనకి మొదట్నుంచీ అబద్ధం చెప్పిందని తేలుతుంది. నాకు అలా వద్దు. క్లూలు నా ముందే పెట్టాలి, అయినా నేను పట్టుకోలేకపోవాలి, అయిపోయాక పేజీలు వెనక్కి తిప్పి చూస్తే "ఇక్కడే చెప్పాడు కదా" అనిపించాలి. రక్తపాతం మరీ ఎక్కువ వద్దండీ. ఇంగ్లిష్ చదువుతాను గానీ డిక్షనరీ పక్కన పెట్టుకునేంత బరువైనది వద్దు. తెలుగులో కొత్తవి ఉంటే మరీ సంతోషం. అలాగే మీరందరూ పుస్తకం ఎలా ఎంచుకుంటారో కూడా చెప్పండి.

గాజువాక_బుక్స్

మీరు అడిగింది చూస్తే నాకు ఒకటే పేరు గుర్తొస్తోందండి, కెయిగో హిగాషినో. జపాన్ ఆయన, ఒసాకాలో పుట్టాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీర్‌గా పనిచేస్తా రాయడం మొదలెట్టాడు. ఆ ఇంజనీర్ బుర్ర ప్రతి పేజీలోనూ తెలుస్తాది, ఒక్క స్క్రూ కూడా ఎక్కువుండదు.

ముందు ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్ చదివీయండి. జపాన్‌లో 2005లో వచ్చింది, అక్కడ నవోకి ప్రైజ్ ఇచ్చారు, ఇంగ్లిష్‌లోకి 2011లో వచ్చింది. ఇందులో గొప్పేటంటే హత్య ఎవరు చేశారో మొదట్లోనే చెప్పీసాడు. మాజీ మొగుడు ఇంటికొచ్చి పీడిస్తుంటే తల్లీ కూతుళ్లు కలిసి చంపేస్తారు, పక్క ఫ్లాట్‌లో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి దాన్ని కప్పిపుచ్చడానికి ముందుకొస్తాడు. అంతా తెలిసిపోయింది కదా, ఇంకా మిస్టరీ ఏటి అనుకుంటాం. అక్కడే మనం పడిపోతాం. పోలీసులకి సాయం చేసే ఫిజిక్స్ ప్రొఫెసర్ యుకావా, ఈ ఇషిగామి ఒకప్పుడు ఒకే యూనివర్సిటీలో చదువుకున్న స్నేహితులు, ఇద్దరూ ఒకరి తెలివిని ఒకరు మనసారా గౌరవించుకుంటారు, అందుకే అది చదువుతుంటే ఎవరు గెలవాలని కోరుకోవాలో కూడా తెలీదు. ఇషిగామి పరీక్ష పేపర్ ఎలా తయారు చేస్తాడో చెప్పేచోట ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి, అంతకంటే ఎక్కువ చెప్పను.

ఆయనదే న్యూకమర్ కూడా నాకు ప్రాణం. టోక్యోలో నిహోన్‌బాషి అనే పాత వ్యాపారాల పేటకి కొత్తగా బదిలీ అయి వచ్చిన కాగా అనే డిటెక్టివ్ ఒక్కో చాప్టర్లో ఒక్కో కొట్టుకి వెళ్తాడు, అప్పడాల్లాంటి బియ్యప్పిండి బిళ్లలు అమ్మే కొట్టు, గడియారాల కొట్టు, గిన్నెల కొట్టు, ఇలాగ. మన వన్‌టౌన్ కురుపాం మార్కెట్‌లో తిరిగినట్టే ఉంటాది. ప్రతి కొట్లోనూ ఒక చిన్న అబద్ధం దొరుకుతాది, ఎక్కువ అబద్ధాలు ఇంట్లోవాళ్ల మనసు నొప్పించకుండా ఆడినవే, అవన్నీ ఒక్కొక్కటే పక్కకి తీసేస్తే అప్పుడు హత్య కనిపిస్తాది. రక్తం దాదాపు లేదు. భాష కూడా చాలా తేలిక.

లాసన్స్‌బే_అక్క

గాజువాక తమ్ముడు చెప్పినవాటికి నా ఓటు కూడా. నేను మన దేశంలో జరిగేవి చెప్తాను, ఎందుకంటే పేర్లు, కులాలు, కట్టుబాట్లు మనకి తెలిసినవైతే క్లూ ఎక్కడుందో మనకి కొంచెం తొందరగా వాసన తగులుతుంది, ఆ ఆనందం వేరు. సుజాతా మాస్సీ రాసిన ఎ మర్డర్ ఎట్ మలబార్ హిల్ 2018లో వచ్చింది. కథ 1921 బొంబాయిలో. పెర్వీన్ మిస్త్రీ అని ఒక పార్సీ లాయరమ్మ, ఘోషాలో ఉండే ముగ్గురు వితంతువుల ఆస్తి కాయితాలు చూస్తుంటే వాళ్ల సంతకాల దగ్గర ఏదో తేడా కనిపిస్తుంది. ఆ ఇంట్లోకి మగ పోలీసు వెళ్లి వాళ్లతో మాట్లాడే వీల్లేదు, ఈవిడ మాత్రమే వెళ్లగలదు. అంటే డిటెక్టివ్ ఆడమనిషి కావడం అలంకారానికి కాదు, ఆవిడ లేకపోతే కేసే లేదు. కార్నీలియా సొరాబ్జీ లాంటి తొలితరం మహిళా లాయర్ల జీవితాల నుంచి ఈ పాత్ర పుట్టింది.

అబీర్ ముఖర్జీ ఎ రైజింగ్ మాన్ (2016) కూడా చూడండి, 1919 కలకత్తా, తెల్ల పోలీసు కెప్టెన్, అతనితో బెనర్జీ అనే బెంగాలీ సార్జెంట్. ఊరి వర్ణన బ్రహ్మాండం, పజిల్ పరంగా మాత్రం మాస్సీదే నాకు ఎక్కువ నచ్చింది.

క్రిస్టీ అంటే ఇష్టం అన్నారు కాబట్టి ఆంథొనీ హొరొవిట్జ్ మాగ్‌పై మర్డర్స్ (2016) వదలొద్దండీ. ఒక ఎడిటర్ దగ్గరికి డిటెక్టివ్ నవల రాతప్రతి వస్తుంది, 1955 నాటి ఇంగ్లిష్ పల్లెటూరి హత్య, మనం కూడా ఆవిడతో పాటే చదువుతాం, తీరా చూస్తే చివరి చాప్టర్ లేదు, రాసిన రచయిత చనిపోయాడు. ఒకే పుస్తకంలో రెండు మిస్టరీలు, రెండింటికీ క్లూలు ముందే ఉంటాయి. కాస్త లావు పుస్తకం, అయినా విసుగు రాదు.

ఉక్కునగరం_నైట్‌షిఫ్ట్

సెల్‌ఫోన్ సంగతి అడిగారు కదా అన్నా, దాని మీద నాకు ఒక అభిప్రాయం ఉంది. ఇప్పటి రచయితలకి ఫోను పెద్ద తలనొప్పి, ఎవరు ఎక్కడున్నారో లొకేషన్ చెప్పేస్తుంది, కాబట్టి పాత పద్ధతిలో రాద్దామంటే కుదరదు. అందుకే పైన అక్క చెప్పినవాటిలో చూడండి, కథని 1919కో 1921కో తీసుకుపోయారు, హొరొవిట్జ్ కూడా లోపలి కథని 1955లో పెట్టాడు. ఇంకొందరు ఎవరూ అంత తేలిగ్గా బయటపడలేని చోట పెడతారు. హిగాషినో మాత్రం ఈ కాలంలోనే ఉండి ప్రశ్న మార్చేశాడు, ఎవరు అనేది పక్కనపెట్టి ఎలా, ఎందుకు అని అడిగిస్తాడు. మీకు కావాల్సింది ఈ మూడో రకం అనిపిస్తోంది.

అయితే కొత్తకాలం నవలలన్నీ ట్విస్టుల కోసమే రాస్తున్నారు అంటే మాత్రం ఒప్పుకోను. జేన్ హార్పర్ ద డ్రై (2016) చదవండి. ఆస్ట్రేలియాలో వానలు లేక ఎండిపోయిన ఒక చిన్న ఊరు, స్నేహితుడు భార్యనీ కొడుకునీ చంపి తనూ కాల్చుకున్నాడని కబురొస్తే మెల్‌బోర్న్ నుంచి ఫాక్ అనే పోలీసు అంత్యక్రియలకి వస్తాడు, అతని మీద ఆ ఊళ్లోనే పాత మరక ఒకటి ఉంది. కరువు అక్కడ వాతావరణ వర్ణన కోసం పెట్టింది కాదు, మనుషులు ఒకరినొకరు ఎలా చూస్తున్నారో అంతా దాన్నుంచే వస్తుంది. 2017లో బ్రిటిష్ క్రైం రచయితల సంఘం గోల్డ్ డాగర్ ఇచ్చింది దీనికే. బిడ్డ చావు ఉంది కాబట్టి మనసు గట్టి చేసుకుని చదవండి. టానా ఫ్రెంచ్ ఇన్ ద వుడ్స్ (2007) కూడా చాలా గొప్పగా రాసింది, కానీ అందులో అన్ని ముడులూ విప్పదు. మీరు అడిగిన దాన్నిబట్టి ఇప్పుడే వద్దు.

పాతపుస్తకాల_మాస్టారు

బాబూ, చివర్లో కొత్తవాడు ఊడిపడటం గురించి రాశారు, 1929లోనే రోనాల్డ్ నాక్స్ అనే ఆయన డిటెక్టివ్ కథకి పది నియమాలు పెట్టాడు, అందులో మొదటిదే అది, నేరం చేసినవాడు కథ తొలిభాగంలోనే పాఠకుడికి కనిపించి ఉండాలని.

ఎంచుకునే పద్ధతి అడిగారు. నేను రివ్యూల్లో ఒక్క మాట కోసం చూస్తాను. "ట్విస్ట్ అస్సలు ఊహించలేదు" అని రాస్తే పక్కన పెట్టేస్తాను, "అయిపోగానే మళ్లీ మొదటి పేజీ తీశాను" అని రాస్తే కొంటాను. రెండోది అవార్డులు, గెలిచినదాని కంటే ఆ ఏడాది షార్ట్‌లిస్ట్ చూడండి. అమెరికా వాళ్ల ఎడ్గర్ అవార్డు 2012 షార్ట్‌లిస్ట్‌లో హిగాషినో నవల ఉంది, అది గెలవలేదు, గెలిచినదొక్కటే చూసుకుంటే ఆ పేరు మన కంటబడేది కాదు. కిండిల్‌లో శాంపిల్ ఉచితంగా వస్తుంది, అది చదివి భాష నచ్చితేనే డబ్బులు పెట్టండి. ఊళ్లో అయితే ముందు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగి చూడండి.

ఇక తెలుగు. మనకి చదివించే గుణానికి లోటు ఎప్పుడూ లేదు. మల్లాది వెంకటకృష్ణమూర్తి గారు, యండమూరి గారు పేజీ వదలనివ్వరు, మధుబాబు గారి షాడో ఉండనే ఉన్నాడు, కానీ షాడోది గూఢచారి సాహసం, మీరు అడిగిన పజిల్ కాదు. వారపత్రికల సీరియల్స్ తగ్గిపోయాక ఈ రకం రాసేవాళ్లకి చోటే లేకుండా పోయింది, ఆ బాధ నాకు చాలా ఉంది. ఒక హత్య, పదిమంది అనుమానితులు, న్యాయంగా పరిచిన క్లూలు, మన హార్బరో, సింహాచలం కొండో, కిరండూల్ పాసింజరో నేపథ్యం. ఎవరైనా రాయాలి బాబూ, చదివేవాళ్లం ఇంతమందిమి ఉన్నాం.

సీతమ్మధార_పాఠకుడు

ఇంత వివరంగా రాసిన అందరికీ చాలా థ్యాంక్సండీ. మాస్టారూ, ఆ రివ్యూ సూత్రం రాసిపెట్టుకున్నాను. గాజువాక బ్రదర్, హిగాషినోవి వరసలో చదవాలా, ఏది ముందైనా పర్లేదా?

గాజువాక_బుక్స్

వరసతో పనిలేదండి, దేనికదే పూర్తి కథ. సస్పెక్ట్ ఎక్స్ అవ్వగానే మాలిస్ పట్టుకోండి, అందులో ఒక రచయిత హత్య, దొరికినవాడు ఒప్పుకుంటాడు కూడా, ఎందుకు చేశాడన్నదే అసలు తగువు. తర్వాత సాల్వేషన్ ఆఫ్ ఎ సెయింట్, మొగుడు ఇంట్లో విషం కలిసిన కాఫీ తాగి పోతాడు, అనుమానం పెళ్లాం మీద, ఆవిడేమో ఆ టైముకి వేరే ఊళ్లో ఉంటాది. ఏది మొదలెట్టినా వికీపీడియా పేజీ మాత్రం తెరవకండి, అక్కడ కథ చివరిదాకా రాసీసి ఉంటాది.