విజయవాడలో ఏఏ మీటింగ్‌కి తమ్ముణ్ణి ఎలా తీసుకెళ్లాలి?

పటమట అక్క:
నమస్కారం అండి. మా తమ్ముడు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు. మంచి పనివాడు. ఇదివరకు సాయంత్రం పని దిగాక తాగేవాడు. ఇప్పుడు పొద్దున్నే క్వార్టర్ పడితే గానీ చేతుల వణుకు ఆగట్లేదు. రాడ్డు నిలకడగా పట్టలేకపోతున్నాడని మేస్త్రీ సామాను అందించే పనికి మార్చాడు. నిరుడు ఊరి బయట ఒక సెంటర్‌లో చేర్పించాం. డబ్బులు ముందే కట్టించుకున్నారు, వాడితో ఫోన్ కూడా మాట్లాడనివ్వలేదు. బయటికొచ్చిన కొన్నాళ్లకే మళ్లీ మొదలు.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుగా ఉండే బృందమట, వాళ్ల మీటింగులకి పంపమని ఎవరో చెప్పారు. ఎక్కడ జరుగుతాయో ఎలా తెలుస్తుంది? చర్చి గదుల్లో పెడతారట, మతం సంగతులు చెబుతారేమోనని అమ్మ భయం. తెలిసినవాళ్లు చూస్తే పరువు పోతుందని మరదలి బాధ. ఈసారి మాల వేయిస్తే మానేస్తాడని అమ్మ అంటోంది. వాడు మాత్రం మీటింగ్ సంగతి ఎత్తితే "చూద్దాంలే అక్కా" అంటున్నాడు.

యార్డు గుమాస్తా, గుంటూరు:
అక్కా, "చూద్దాంలే" అన్నాడంటే లోపల ఎక్కడో భయం పట్టుకుంది. అది ఉండగానే కదలండి.

మీటింగ్ కంటే ముందు ఆసుపత్రి. పొద్దున్నే తాగితే గానీ వణుకు ఆగని మనిషి ఉన్నట్టుండి మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి లేనివి కనిపిస్తాయి, మనుషుల్ని పోల్చుకోలేరు. ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డాక్టరుకు చూపించకుండా మాల వేయించొద్దు. మాలలో ఉన్న 41 రోజులూ చుక్క ముట్టని మనుషుల్ని మా మిర్చి యార్డులో చాలామందిని చూశాను. ఆ నిష్ఠ నిజమైనదే. మాల తీశాక రోజూ సాయంత్రం ఎవరి దగ్గర కూర్చోవాలో తెలియకే మళ్లీ షాపు దగ్గర తేలతారు. మీటింగ్ పనికొచ్చేది అక్కడే.

విజయవాడలో అయినా, మా గుంటూరులో అయినా పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వణుకు తగ్గడానికి మందులు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు అక్కడే ఇస్తారు. మీటింగ్ చిరునామా కోసం ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో చూడండి. ఫోన్ చేసి అడిగాకే బయల్దేరండి, గదులు, టైములు మారుతుంటాయి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 కూడా ఉంది, డబ్బులు పడవు. ఓపెన్ మీటింగ్ అయితే మీరూ కూర్చోవచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవాళ్లకి మాత్రమే.

నేను మొదట వెళ్లినప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్లాస్కు, గోడకి తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్ల చార్టు, అంతే. అందరికీ గ్లాసు నిండా టీ పోసి నాకు సగమే పోశారు. కొత్తవాళ్ల చేతులు వణుకుతాయి, ఒలికితే సిగ్గుపడతారని అలా పోస్తారట. ఆ సగం గ్లాసు చూశాక నాకు వీళ్లు మనవాళ్లే అనిపించింది. పేరు చెబితే చాలు. ఇంటిపేరు, కులం, ఉద్యోగం ఎవరూ అడగరు. మాట్లాడాలని లేకపోతే వింటూ కూర్చోవచ్చు.

చర్చి గది అద్దెకో, ఊరికేనో ఇస్తారంతే. ఏఏ ఏ మతానికీ చెందింది కాదు. మెట్లలో దేవుడి మాట వస్తుంది, కానీ ఎవరికి తోచిన దేవుడు వాళ్లకి. నేను వెంకటేశ్వరస్వామిని తలుచుకుంటాను, నా పక్కన నమాజు చదివే ఆయన కూర్చుంటాడు. ఫీజు లేదు. చివర్లో డబ్బా తిప్పుతారు, కొత్తవాళ్లు వెయ్యక్కర్లేదు.

పరువు సంగతికి నేను చేసిన పని చెబుతా. మా వీధివాళ్లు చూస్తారని బస్సెక్కి విజయవాడ వెళ్లేవాణ్ణి. మీవాడు గుంటూరు రావచ్చు. కొన్నాళ్లకి ఆ బెరుకు పోతుంది. ఏఏ మొదలైందే ఇద్దరు మనుషులతో. 1935లో అమెరికాలో ఒక షేర్ బ్రోకరు, ఒక సర్జన్ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ తాగకుండా నిలబడ్డారు. మీ తమ్ముడికీ అలాంటి ఒక్క మనిషి దొరకాలి. రాత్రి పదింటికి తాగాలనిపిస్తే ఫోన్ చెయ్యడానికి.

సత్తెనపల్లి కోడలు:
అక్కా, మీ మరదలి కోసం రాస్తున్నా. ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, 1951 నుంచి నడుస్తున్నాయి. మా ఆయన మానకముందే నేను వెళ్లడం మొదలుపెట్టా. ఆయన లేవలేని రోజున "జ్వరం" అని ఓనరుకి ఫోన్ చేసేది నేనే. అది మానుకోవడం అక్కడే నేర్చుకున్నా. చాలా కష్టమైంది.

ఇంకోటి, తెలియకుండా కూరలో మాత్ర కలపమని ఎవరైనా చెబితే వినొద్దు. డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది, మనిషే పోవచ్చు. అది డాక్టరు చెప్పి, మనిషికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు.

పటమట అక్క:
చదివి వినిపిస్తే అమ్మ కూడా సరేనంది. రేపే ఆసుపత్రికి అనుకుంటున్నాం. తాగకుండా తీసుకెళ్లాలా? మేస్త్రీకి ఏం చెప్పాలి?

యార్డు గుమాస్తా, గుంటూరు:
ఓపీకి రావాలని ఈ రాత్రి నుంచి బలవంతంగా ఆపొద్దు. ఎలా ఉంటే అలా తీసుకెళ్లండి, మీరో మరదలో పక్కనే ఉండండి. రోజుకి ఎంత తాగుతున్నాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా అన్నది డాక్టరుకి దాచకుండా చెప్పండి, మందు మోతాదు దాన్నిబట్టే వేస్తారు. రాత్రే ఫిట్స్ వచ్చినా, మాట తేడాగా ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా 108కి చెయ్యండి. మేస్త్రీకి ఆసుపత్రి అని చెప్పండి, నిజమే కదా. సెంటర్ కాగితాలు, పాత చీటీలు ఏమున్నా సంచిలో వేసుకెళ్లండి.