జొన్న బిస్కెట్లు పొంగడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

హన్మకొండ_అమ్మ:
బాబుకు సీలియాక్ (గోధుమలాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బు) అని తేలినప్పటి నుంచి ఇంట్లో గోధుమ పిండి, మైదా, రవ్వ అన్నీ బంద్. జొన్న పిండి, బియ్యప్పిండి సగం సగం తీసుకుని వెన్న, చక్కెర, పెరుగు, బేకింగ్ పౌడర్ వేసి ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) బిస్కెట్లు చేస్తున్నాను. ఒక్కటీ పొంగదు. ట్రేలో పక్కలకు పరుచుకుపోతున్నాయి, చల్లారాక విరిస్తే ఇసుకలా రాలుతున్నాయి. బేకరీలో దొరికే మందపాటి, మెత్తటి బిస్కెట్లలా రావాలంటే ఏం చేయాలి?

కాజీపేట_జంక్షన్:
ముందు బేకింగ్ పౌడర్ చూడండి. అర చెంచా తీసి వేడి నీళ్లలో వేయండి. బుస్సుమని పొంగితే బాగున్నట్టు, నాలుగు బుడగలొచ్చి ఆగిపోతే పారేయండి. వంట సోడాకైతే నిమ్మరసం పిండి చూడాలి. ఇక ఈ ఎండల్లో వెన్న గిన్నెలోనే కరుగుతుంది, పరుచుకుపోవడానికి అదీ కారణమే. బొటనవేలు మందాన కోసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, 200 డిగ్రీలకు కాగిన ఓవెన్‌లోకి నేరుగా పంపండి.

జగిత్యాల_పిల్ల:
అన్నా, పౌడర్ మంచిదే అయినా గాలిని పట్టి ఉంచేదేది? గోధుమలో ఆ పని గ్లూటెన్ చేస్తుంది. జొన్నలో, బియ్యంలో అది లేదు కాబట్టి వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది. కప్పు పిండికి ఒక చెంచా ఇసబ్‌గోల్ నీళ్లలో నానబెట్టి, జిగురయ్యాక కలపండి అక్కా. మెడికల్ షాపులో దొరికేదే. జాంథన్ గమ్ అనే జిగురు పొడి ఉంటే పావు చెంచా చాలు.

కాజీపేట_జంక్షన్:
ఇసబ్‌గోల్ కొంచెం ఎక్కువైతే లోపల బంకబంకగా ఉంటుంది, పిల్లలు ముట్టరు. చూసి వేయండి.

నిజామాబాద్_పెద్దమ్మ:
బిడ్డా, జొన్న రొట్టె చేసేటప్పుడు మరిగే నీళ్లు ఎందుకు పోస్తాం? చన్నీళ్లతో కలిపితే అంచులు పగులుతాయి గదా. బిస్కెట్‌కూ అదే పద్ధతి. పిండిలో నాలుగో వంతు వేరే గిన్నెలో తీసుకుని మరిగే నీళ్లు పోసి కలిపి మూత పెట్టు. చల్లారాక అరచేత్తో నున్నగా మెదిపితే సాగుతుంది. మిగతా పిండి, వెన్న అప్పుడు కలుపు. బేకింగ్ పౌడర్ మాత్రం ముద్ద వేడిగా ఉండగా వేయకు, ఉన్న పొంగంతా గిన్నెలోనే అయిపోతుంది. డబ్బా మూతతో బిస్కెట్లు కోసేటప్పుడు దాన్ని తిప్పకుండా నిలువుగా నొక్కాలి. ట్రేలో దగ్గర దగ్గరగా పెడితే పక్కలకు పోలేక పైకి లేస్తాయి.

హన్మకొండ_అమ్మ:
పెద్దమ్మా, ఇది నాకు తట్టనే లేదు! ఇంకో సంగతి, జొన్నలు గిర్నిలో పట్టిస్తున్నాను. ఫరవాలేదా?

వరంగల్_కోట:
వద్దండి. మీకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు, ఆ పిండి గిర్ని రాళ్ల మధ్య మిగిలే ఉంటుంది. బాబుకు పొంగని బిస్కెట్ కంటే అదే ప్రమాదం. ఇంట్లో మిక్సీలో వేసి జల్లించుకోండి, జల్లెడ కూడా వేరేది పెట్టండి. కొనే పిండి మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన. ఇంగువ డబ్బా వెనుక కూడా చదవండి, చాలావాటిలో గోధుమ పిండో మైదానో కలిపి ఉంటుంది. మామూలు ఓట్స్‌లోనూ గోధుమ కలిసి ఉండొచ్చు, నమ్మలేం.

హన్మకొండ_అమ్మ:
ఇవాళ పెద్దమ్మ చెప్పినట్టే చేశాను. పైకి లేచాయి! విరిస్తే లోపల సన్నటి గుల్లలు కనిపిస్తున్నాయి. ఇంకా బాగా పొంగాలని కాస్త వంట సోడా కూడా వేశాను, నాలుకకు సబ్బు రుచి తగులుతోంది. బాబు సగం తిని పక్కన పెట్టాడు.

జగిత్యాల_పిల్ల:
సోడాకు తగ్గ పులుపు లేకపోతే అంతే అక్కా. కప్పు పిండికి పావు చెంచా దాటొద్దు, పెరుగు బాగా పులిసింది వేయండి. ఇంట్లో తియ్యటి పెరుగే ఉంటే సోడా మానేసి పౌడర్ ఒక్కటే వేయండి, కప్పుకు ఒకటిన్నర చెంచా సరిపోతుంది.