అమ్మ నిలువుదోపిడీ మొక్కుకుంది, ఒమేగా వాచీ ఇప్పుడు కొనాలా తర్వాతా?

బైరాగిపట్టెడ బాబు అడుగుతున్నాడు:

నమస్తే. వయసు 38, తిరుపతిలో ఇంటి నుంచే పని. ఆరేళ్లుగా నెలనెలా పక్కన వేసిన డబ్బు ఉంది, ఒమేగా సీమాస్టర్ కోసమే. 300 మీటర్ల లోతు నీళ్లకి తట్టుకుంటుందనే మోడల్, నీలం డయల్ మీద అలలు గీసి ఉంటాయే, అది. కొత్తది ఐదు లక్షలు దాటుతుంది, నా వల్ల కాదు. బెంగళూరులో ఒకాయన 2019లో కొన్నది 3,40,000కి ఇస్తానంటున్నాడు. పెట్టె ఉంది, వారంటీ కార్డు ఉంది, బిల్లు మాత్రం పోయిందట. మొత్తం నగదుగా ఇస్తే ఇంకో పదివేలు తగ్గిస్తాడట.

అసలు తలనొప్పి ఇది కాదు. పోయిన ఏడాది నాయనకి స్టెంట్ వేసినప్పుడు, నా చేత నిలువుదోపిడీ ఇప్పిస్తానని అమ్మ మొక్కుకుంది. నన్నడిగి మొక్కలేదు, అట్లా ఎవరూ అడగరనుకోండి. వచ్చే నెల కొండకి పోతున్నాం. ఒంటి మీద ఏముంటే అది హుండీలోకే. వాచీ ఇప్పుడే కొని బీరువాలో దాచి పోతే దేవుడి దగ్గర దొంగ లెక్క రాసినట్టవుతుందేమో. ఆగితే ఇంకొకడు ఎగరేసుకుపోతాడని టెన్షన్. నవ్వకండి.

మాడవీధి మామ:

నవ్వకుండా ఎట్లా సామీ! హుండీలో పడిన వాచీలను టీటీడీ లాట్లు కట్టి వేలం వేస్తుంది తెలుసుగా. నీ ఒమేగా టైటాన్లూ సొనాటాల మధ్య పడి ఉంటే నేనే వచ్చి పాడుకుంటా. మొక్కు సంగతి మీ అమ్మనే అడుగు, మమ్మల్నెందుకు ఆ పంచాయితీలోకి లాగుతావు?

చిత్తూరు గడియారం:

బాబూ, మొక్కు పక్కన పెడదాం, వాచీ సంగతి చెప్తా. చిత్తూరులో మా నాయనది వాచీ రిపేరు కొట్టు, నలభై ఏళ్లు నడిపాడు. నేను చదువుకుంటూ ఆ బల్ల దగ్గరే పెరిగాను.

2019 అంటున్నాడు కాబట్టి తేదీ గడి ఆరు దగ్గర ఉండాలి. మూడు దగ్గర ఉంటే అది పాత మోడల్, ఆ ధర ఒప్పుకోవద్దు. వెనక మూతకి అద్దం ఉండాలి, లోపలి మిషను కనిపించాలి. దాని పేరు 8800, గంటకి 25,200 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి ఏడు. రిపేరు చేసేవాళ్ల దగ్గర టైమ్‌గ్రాఫర్ అని, ఆ కొట్టుకోవడాన్ని కొలిచే యంత్రం ఉంటుంది, దాని మీద పెడితే నిమిషంలో తెలుస్తుంది. చవక నకలైతే చాలావరకు అక్కడే దొరికిపోతుంది. ఖరీదైన నకలు మాత్రం నన్ను కూడా మోసం చేస్తుంది, అందుకే ఫొటోలు చూసి డబ్బు పంపొద్దు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే కలుద్దామను. కార్డు మీది నంబరూ వాచీ ఒంటి మీద సన్నగా చెక్కిన నంబరూ ఒకటేనా చూడు.

ఒమేగా ఐదేళ్ల వారంటీ ఇస్తుంది, 2019 నాటిదానికి అది ఎప్పుడో అయిపోయింది. ఇంతవరకు సర్వీస్ చేయించకపోతే ఆ ఖర్చు నీ నెత్తినే. పదివేలతో తేలే పని కాదు. ధర మాట్లాడేటప్పుడు అది తీసేసి మాట్లాడు.

ఇక నగదు మాట. ఒక లావాదేవీలో రెండు లక్షలో ఆ పైనో నగదు తీసుకుంటే, తీసుకున్నంతా పెనాల్టీ కింద పోవచ్చు. అది ఆయన నెత్తి మీద పడేదే, అయినా బిల్లు లేని వాచీకి బ్యాంకు రికార్డు కూడా లేకపోతే రేపు నువ్వు కొన్నావనడానికి రుజువేది?

300 మీటర్లు అని రాసుందని ధైర్యంగా నీళ్లలో దిగొద్దు. ఒకసారి ఒక పెద్దమనిషి కొండ మీద గుండు చేయించుకుని చేతి వాచీతోనే పుష్కరిణిలో మునిగాడు. అదీ డైవింగ్ వాచీయే, విదేశాల నుంచి అల్లుడు తెచ్చింది. పక్కన తిప్పే మర, అదే క్రౌన్, బిగించలేదు, లోపలి రబ్బరు వాషర్ ఎండి పెళుసైపోయింది. పది రోజులు ఆరబెట్టి తెచ్చాడు మహానుభావుడు. మూత విప్పితే తేదీ చక్రం మీద టీ మరక లాగా తుప్పు. నాయన కంటికి పెట్టుకున్న అద్దం తీసి, ఆయనకి చూపించి, ఏమీ అనకుండా మళ్లీ మూసేశాడు. కొనేటప్పుడు నీటి ప్రెషర్ పరీక్ష కూడా చేయించు.

అలిపిరి మెట్లు:

సెకండ్ హ్యాండ్ తలనొప్పులు ఎందుకు బ్రో? కొత్త టిస్సో పవర్‌మాటిక్ కొనుక్కో, బిల్లుతో వస్తుంది. చేతికి లేకపోయినా 80 గంటలు నడుస్తుంది, శుక్రవారం రాత్రి తీసిపెట్టినా సోమవారం పొద్దున టైమ్ సరిగ్గా ఉంటుంది. మిగిలిన డబ్బు బ్యాంకులో.

బైరాగిపట్టెడ బాబు:

అందరికీ థాంక్స్. సర్వీస్ సెంటర్‌లో కలుద్దాం, మొత్తం బ్యాంకు ద్వారానే ఇస్తానని బెంగళూరాయనకి మెసేజ్ పెట్టాను. మూడు రోజులు ఉలుకూ లేదు పలుకూ లేదు. నిన్న రాత్రి ‘వేరే పార్టీ వచ్చింది’ అన్నాడు. పోనీలే.

కానీ ఇంట్లో ఇంకోటి జరిగింది. వాచీ గొడవ నాయన చెవిన పడింది. పొద్దున బీరువాలోంచి ఆయన హెచ్‌ఎంటీ కాంచన్ తీసి నా చేతికి పెట్టాడు. 1983లో పెళ్లికి మా తాత పెట్టింది. ‘ఇది కట్టుకుని పో, మొక్కు మొక్కులాగా ఉంటుంది’ అన్నాడు. బంగారు పూత చాలాచోట్ల పోయింది. చెయిన్ లంకెల మధ్య నాయన చేతి వెంట్రుక ఒకటి ఇంకా ఇరుక్కుని ఉంది. 3,40,000 వాచీ పోయినప్పుడు ఒక పూట బాధపడ్డాను. దీన్ని హుండీలో ఎట్లా వేసేది?

చిత్తూరన్నా, ఒక మాట. ఇట్లాంటి కాంచన్ ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుందా?

చిత్తూరు గడియారం:

హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని 2016లోనే మూసేశారు, ఆ కాలం కాంచన్ కొత్తది దొరకదు. పాతవి మా నాయన డబ్బాలో రెండున్నాయి, ఒకటి నడుస్తుంది. ఆదివారం రా. మీ నాయనని మాత్రం వెంటబెట్టుకుని రావొద్దు.